ఒంటిపూట జీతం, రెండు పూటల ఎదురుచూపు

ప్రశ్న: నేను నారాయణగూడ ప్రాంతంలోని ఒక చిన్న ప్రెస్సులో పదకొండేళ్లుగా డీటీపీ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. ఒకప్పుడు పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు తొమ్మిది మందిమి మిగిలాం. పది నుంచి ఆరింటి దాకా పని, జీతం రూ.18,000. ఈఎస్ఐ కోత ఉంది, పీఎఫ్ లేదు. వాట్సాప్ వచ్చాక శుభలేఖల గిరాకీ ఏటేటా తగ్గుతూనే ఉంది. ఆషాఢం మొదలైన రోజున యజమాని పిలిచి, “పని లేదమ్మా, రేపటి నుంచి పదింటికి వచ్చి రెండింటికి వెళ్లిపో, రూ.9,500 ఇస్తాను, శ్రావణం ముహూర్తాలు వచ్చాక చూద్దాం” అన్నారు. కాదనలేకపోయాను. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే ఇరవై వేలు చేతిలో పెట్టిన మనిషి ఆయన. కానీ రెండింటికి లేవబోతే, “ఫ్లెక్సీ పార్టీ వస్తానన్నాడు, కాసేపు ఉండమ్మా” అంటారు. మొన్న నాలుగున్నర దాకా ప్రూఫుల బల్ల దగ్గర కూర్చున్నాను, ఆ పార్టీ రానే లేదు. మా వారు స్కూలు వ్యాను నడుపుతారు, ఆయనకు రూ.16,000 వస్తుంది. ఇంటద్దె రూ.7,500, చిట్టీ రూ.3,000, పిల్లలిద్దరి ఫీజు ఒక విడత బాకీ ఉంది. తెలిసినావిడ అయిదు రూపాయల వడ్డీకి ముప్పై వేలు ఇస్తానంటోంది. ఉద్యోగం మానెయ్యాలా? ఉంటే ఆయన్ను ఏమని అడగాలి?
– ఒక సోదరి, రాంనగర్

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధించింది జీతం సగానికి పడిపోవడం కన్నా, ప్రూఫుల బల్ల దగ్గర మీరు ఊరికే కూర్చున్న ఆ రెండున్నర గంటలు. పని లేక యజమాని గంటలు తగ్గించినప్పుడు ఆ గంటలు మీ చేతికి తిరిగి రావాలి, వాటితో మీరు మరొకచోట నాలుగు రూపాయలు సంపాదించుకునే వీలుండాలి. జీతం ఒంటిపూటకు దిగి, మనిషి మాత్రం రెండు పూటలూ అక్కడే కట్టుబడి ఉంటే, గిరాకీ తగ్గిన నష్టమంతా మీ ఒక్కరి నెత్తినే పడినట్టు.

ఒకసారి లెక్క వేసి చూడండి. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే పాత జీతం ప్రకారం మీ గంట విలువ సుమారు రూ.86.50. నాలుగు గంటలకు రూ.9,500 అంటే గంటకు రూ.91 పైచిలుకు, కాబట్టి గంట లెక్కన చూస్తే మీ యజమాని చెప్పిన మాట అన్యాయమైనది కాదు, ఆ మేరకు ఆయనను తప్పుపట్టలేము. అదే మీరు రోజూ నాలుగున్నర దాకా ఉండిపోతే గంట విలువ రూ.56కు జారిపోతుంది. ఈ తేడాను ఆయన బహుశా ఎన్నడూ లెక్క వేసి ఉండరు. అందుచేత మీరు మొదట అడగవలసింది పాత జీతం గురించి కాదు. రెండు కొట్టగానే లేచి వెళ్లిపోతాననీ, ఉండవలసి వస్తే ముందురోజే చెప్పాలనీ, అలా ఉన్న ప్రతి గంటకూ వేరుగా డబ్బు ఇవ్వాలనీ అడగండి. మీ మధ్య ఉన్న మంచితనాన్ని బట్టి చూస్తే ఇది గొడవ లేకుండానే తేలవలసిన విషయం.

ఆపదలో ఆదుకున్న మనిషి దగ్గర లెక్కల మాట ఎత్తడానికి మనసొప్పదు. అయితే ఆ ఋణం వేరు, మీ శ్రమ లెక్క వేరు. రెండింటినీ కలిపితే ఋణం ఎన్నటికీ తీరదు, శ్రమకు విలువా ఉండదు. మొహమాటంగా ఉంటే ముందు నోటితో మాట్లాడి, ఆ సాయంత్రమే వాట్సాప్‌లో ఇలా రాసి పంపండి: “సార్, ఆషాఢం మొదటి రోజున మీరు చెప్పిన ప్రకారం పది నుంచి రెండింటి దాకా రూ.9,500కు పనిచేస్తున్నాను. ఇది గిరాకీ తగ్గినందువల్ల చేసిన తాత్కాలిక మార్పు. నా అసలు జీతం రూ.18,000గానే రికార్డులో ఉంటుంది. శ్రావణం చివర కూర్చుని మళ్లీ మాట్లాడుకుందాం. రెండు తరువాత ఉండవలసి వస్తే ముందురోజు చెప్పండి.” ఆయన “సరేనమ్మా” అని జవాబిస్తే చాలు, అది మీకు కాగితమే. దానితో పాటు మీ చేతిసంచిలో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, ఆ రోజు కంపోజ్ చేసిన పని పేరు ఏ రోజుకారోజు రాసుకోండి.

“అసలు జీతం రూ.18,000” అన్న ముక్క ఎందుకు ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం చాలామందికి ఉద్యోగం మానేసిన తరువాతే తెలుస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో అయిదేళ్లు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే సొమ్ము, రావాలి. ఒకసారి ఆ చట్టం వర్తించిన సంస్థకు ఆ తరువాత మనుషులు పదిమంది కన్నా తగ్గినా అది వర్తిస్తూనే ఉంటుంది కాబట్టి, ఇప్పుడు తొమ్మిది మందే ఉన్నారన్న కారణంతో మీ హక్కు పోదు. చివరగా తీసుకున్న నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని పనిచేసిన ఏళ్లతో గుణిస్తే ఆ మొత్తం వస్తుంది. మీ జీతమంతా మూల వేతనమే అనుకుంటే రూ.18,000 మీద పదకొండేళ్లకు సుమారు రూ.1,14,230 అవుతుంది. రూ.9,500 మీద లెక్కిస్తే అదే పదకొండేళ్లకు రూ.60,288 మాత్రమే. ఒంటిపూట జీతం మీద ఉన్నప్పుడు ఏ కాగితమూ లేకుండా విసిగిపోయి మానేస్తే, ఈ ఆషాఢపు కోత మీ పదకొండేళ్ల కష్టాన్నీ సగానికి కోసేసే ప్రమాదం ఉంది. కనుక ఇప్పుడిప్పుడే రాజీనామా మాట తలపెట్టకండి, ఎవరు అడిగినా తెల్ల కాగితం మీద గానీ, “నా ఇష్టపూర్వకంగా మానేస్తున్నాను” అన్న కాగితం మీద గానీ సంతకం పెట్టకండి.

ఈఎస్ఐ సంగతి కూడా చూసుకోవాలి. జబ్బు చేసి సెలవు పెడితే వచ్చే నగదు సాయం, అంటే సగటు రోజు వేతనంలో 70 శాతం, అందాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు గానీ, అక్టోబర్ నుంచి మార్చి వరకు గానీ ఉండే ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజులకు మీ పేర చందా జమ కావాలి. ఇక్కడ లెక్క గంటలది కాదు, రోజులది. కాబట్టి రోజూ నాలుగు గంటలు వెళ్లే ఇప్పటి ఏర్పాటు ఈ విషయంలో మీకు మేలే. రేపు ఆయన, “రోజూ రావడమెందుకు, వారానికి మూడు రోజులు పూర్తిగా రా” అంటే మాత్రం ఆలోచించి జవాబు చెప్పండి. 26 వారాలకు మూడేసి రోజులంటే సరిగ్గా 78. ఒక్క రోజు తప్పినా గీత కిందికి జారిపోతారు. గ్రాట్యుటీకి కూడా ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలన్న లెక్క ఒకటి ఉంది.

ఇక చట్టం. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం వేతనం, పనిగంటల వంటి విషయాలలో మార్పు చేయదలచిన యజమాని కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చిన 21 రోజుల లోపల ఆ మార్పు అమలు చేయకూడదు. “రేపటి నుంచి” అన్న మాట దానికి విరుద్ధం. మరొకటైన వేతనాల కోడ్‌లో ఇంకో నియమం ఉంది, 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ అది ఉండేది. రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయమైన ఉద్యోగిని పనికి రప్పించి, పని చూపలేక తక్కువ గంటలకే పంపేస్తే, ఆ రోజుకు పూర్తి రోజు కనీస వేతనం చెల్లించవలసిందే. అది కనీస వేతనం వరకే ఇచ్చే రక్ష, మీ పాత జీతం మొత్తానికి కాదు. లేఆఫ్ రోజులకు, అంటే పని లేక యజమాని తాత్కాలికంగా పక్కన పెట్టిన రోజులకు, సగం వేతనం ఇవ్వాలన్న నియమం యాభై మంది, అంతకు మించి ఉన్న సంస్థలకే కనుక మీ ప్రెస్సుకు అందదు. చిన్నచోట పనిచేసేవారిని ఆ రక్షణకు దూరంగా ఉంచడం నాకెప్పుడూ న్యాయంగా తోచలేదు, ఎందుకంటే గిరాకీ పడిపోగానే ముందుగా దెబ్బతినేది అలాంటి చోట్ల పనిచేసే మీ వంటివారే.

మాటలతో తేలకపోతే మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారిని కలవండి. కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది, రాంనగర్ నుంచి మీకు దగ్గరే. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయితే ఇది రెండో మెట్టు. మీ యజమానితో మాట్లాడకుండా ముందే అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

ఇంటి విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను, ఆ అయిదు రూపాయల వడ్డీ డబ్బు ముట్టుకోకండి. నూటికి నెలకు అయిదంటే ఏడాదికి అరవై. ముప్పై వేలకు నెలనెలా రూ.1,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది, అది కూడా నెలకు రూ.8,500 తగ్గిన ఇంట్లో. తప్పనిసరి అయితే ఉన్న బంగారంలో కొంత బ్యాంకులో కుదువ పెట్టడం నయం. చిట్టీని అవసరం కొద్దీ ఎక్కువ తోపుకు, అంటే ఎక్కువ సొమ్ము వదులుకుని, పాడుకోకండి, పాడిన తరువాత మిగిలిన నెలలన్నీ ఈ తగ్గిన జీతంతోనే కట్టాలి. రిజిస్టరైన చిట్టీ అయితే, ఇంకా పాడని వాటాను ఫోర్‌మన్‌కు, అంటే చిట్టీ నడిపేవారికి, తెలిపి రాతపూర్వకంగా మరొకరికి బదిలీ చేసే వీలుంది. స్కూలు వారిని గడువు దాటకముందే కలిసి, బాకీని మూడు ముక్కలుగా కడతానని అడగండి.

రెండు తరువాతి గంటలు మీవని తేలిన రోజున వాటికి పని వెతుక్కోండి. చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలలో పేజీ లెక్కన కంపోజింగ్ చేయించుకునే ప్రెస్సులు, పుస్తకాలు వేసుకునే రచయితలు ఉంటారు. మీరు ఇన్నేళ్లూ ప్రెస్సుల్లో వాడే ‘అను’ (Anu) ఫాంట్లలోనే టైపు చేసి ఉంటే యూనికోడ్ టైపింగ్ కూడా చేతికి అలవాటు చేసుకోండి, వెబ్‌సైట్లకు, ఈ-పుస్తకాలకు అదే కావాలి. మధ్యాహ్నం బయట పని చేసుకుంటున్నానని మీ యజమానికి చెప్పే చేయండి, ఆయన ఖాతాదారులను మాత్రం పక్కకు తిప్పుకోకండి. ఆరు వారాల పాటు ఈ పని ఎంత వస్తోందో పుస్తకంలో రాసుకుంటే, శ్రావణం చివర ఆయనతో మాట్లాడేటప్పటికి ఉండడమా మానడమా అన్నది మీకే తెలుస్తుంది.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న బొటిక్ నడుపుతున్నాను. కుట్టేవారు నలుగురు, అందరూ ఆడవాళ్లే. ఆర్డర్లు బాగా తగ్గాయి. ఎవరినీ మాన్పించడం ఇష్టం లేదు, పనిగంటలు తగ్గిద్దామనుకుంటున్నాను. వాళ్ల కడుపు కొట్టకుండా ఎలా చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నలుగురినీ కూర్చోబెట్టి మీ ఆర్డర్ల పుస్తకం వాళ్ల ముందు తెరవండి. పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని జాకెట్లు, ఈ ఏడాది ఎన్ని అన్నది వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. మార్పును కాగితం మీద రాసి 21 రోజుల ముందు ఇవ్వండి, ఎప్పటి వరకో తేదీ కూడా వేయండి.

మీ దగ్గర గంటల కన్నా రోజులు తగ్గించడమే మేలు. రెండు గంటల కుట్టు కోసం ఒక మనిషి వంట ముగించుకుని, పిల్లను ఎవరికో అప్పగించి రావాలి, ఆమె రోజంతా దానికే పోతుంది. పైగా రప్పించి మధ్యలో పంపేస్తే పైన చెప్పిన పూర్తి రోజు కనీస వేతనపు నియమం మీకూ వర్తిస్తుంది. ఎవరు ఏ రోజు రావాలో వారం ముందే గోడ మీద అంటించండి, సెలవు రోజులు నలుగురికీ సమానంగా వంతులు వేయండి, ఆ రోజుల్లో వాళ్లు ఇంటి దగ్గర సొంతంగా కుట్టుకుంటే అభ్యంతరం చెప్పకండి. శ్రావణ శుక్రవారాలకు ఆర్డర్లు ముంచుకొచ్చినప్పుడు, “అప్పుడు ఖాళీగా ఉన్నారుగా” అని ఉత్తినే ఎక్కువ గంటలు కూర్చోబెట్టడం కుదరదు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆదాయం తగ్గిన నెలలోనూ జీతాల తేదీ జరపకండి. రూ.6,000 అయినా సరే, ఏడో తేదీ లోపల వాళ్ల చేతిలో పడితే అద్దెకు అప్పు చేయకుండా ఉంటారు.