స్టీమ్ డెక్ చార్జింగ్ గంటన్నరకే అయిపోవడం గురించి

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైలులో వెళ్లి వచ్చే మీరు, ఈ మధ్య కొన్న పాత ఎల్‌సీడీ నమూనా స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్) గంటన్నరకే ఆగిపోతోందని, బ్యాటరీ పాడైందేమోనని అడిగారు. లోపం ఉందని నాకు అనిపించడం లేదు. ఆ నమూనాలో బ్యాటరీ సామర్థ్యం 40 వాట్ అవర్లు మాత్రమే; పెద్ద ఆట నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ ఒక్కటే 15 వాట్ల వరకు లాగుతుంది, దానికి తెర, ఫ్యాను, వైఫై తోడైతే మొత్తం 25 వాట్లకు చేరువవుతుంది కాబట్టి, మీ గంటన్నర లెక్కకు సరిపోతోంది.

కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి, ఫ్రేమ్ రేటును (సెకనుకు తెరపై మారే చిత్రాల సంఖ్య) 40కి, టీడీపీ (ప్రాసెసర్ వాడే విద్యుత్తు) పరిమితిని 9 వాట్లకు తగ్గించి, తెర వెలుగును సగానికి దించండి. చాలా ఆటలలో రెండు గంటలు దాటుతుంది. ఇంకా కావాలంటే 45 వాట్ల పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) చార్జింగ్ ఇచ్చే పవర్ బ్యాంకు తీసుకోండి, అయితే 669 గ్రాముల యంత్రానికి ఆ బరువు కూడా తోడై మణికట్లు నొప్పి పుడతాయి.

కృష్ణా కెనాల్ దగ్గర రైలు ఆగినా, ఎవరైనా పలకరించినా, ఒక్క బటన్‌తో ఆటను నిద్రపుచ్చి మళ్లీ అక్కడి నుంచే అందుకోవచ్చు. నేను లాప్‌టాప్ ఇంట్లో వదిలి దీన్నే తీసుకెళ్లడానికి కారణం అదే. కానీ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఇది వేగం తగ్గించుకోవచ్చు, మన మే నెల సంగతి మీకు తెలిసిందే. మీరు అడిగిన వాలరెంట్ ఆట మాత్రం దీని ఆపరేటింగ్ సిస్టమ్ అయిన స్టీమ్ ఓఎస్‌పై నడవదు.

చిన్న టూడీ ఆటలోనూ గంటన్నరకే ఆగిపోతే, అప్పుడు అమ్మినవారి దగ్గరకు వెళ్లండి.