'సమజాత'లో ఉన్నది జాతేనా?

సందేహం: గబ్బిలం రెక్క, తిమింగలం వాజం, మనిషి చేయి 'సమజాత అవయవాలు' అని ఒకచోట చదివాను. ఈ మూడూ ఒకే జాతి కావు కదా! 'నిర్మాణసామ్య అవయవాలు' అంటేనే సరిపోతుందేమో?

సమాధానం: ఈ మాటలో ఉన్నది జాతి కాదు, జాత. రెండూ 'జన్' ధాతువు నుంచి వచ్చినవే, కానీ జాత అంటే పుట్టినది అనే. నవజాత శిశువంటే కొత్త జాతి శిశువు అనుకోం కదా. 'సమ' కూడా ఇక్కడ, సమకాలీనులు అన్నప్పటిలాగే, 'ఒకే' అనే అర్థంలో వచ్చింది. ఒకే మూలం నుంచి పుట్టినవి సమజాతాలు.

మీరు చెప్పిన అవయవాలే చూడండి. మన మోచేతికి పైన ఒక ఎముక, కింద రెండు, మణికట్టులో చిన్నచిన్నవి, ఆపైన వేళ్లు. గబ్బిలంలోనూ అదే వరస. బొటనవేలు గోరుతో పొట్టిగా, విడిగా ఉంటుంది. మిగతా నాలుగూ గొడుగు ఊచల్లా సాగితే వాటి మధ్య చర్మం పరుచుకుంది. ముంజేతి ఎముకల్లో ఒకటి బాగా చిక్కిపోయినా ఆనవాలు పోలేదు. తిమింగలానికి మోచేయి మడతపడదు, వేళ్లలో ఎముకలు మనకన్నా ఎక్కువ. అయినా వరస అదే.

'నిర్మాణసామ్యం' తప్పేమీ కాదు. అది కంటికి కనబడే పోలికను చెబుతుంది, 'సమజాతం' ఆ పోలిక ఎలా వచ్చిందో చెబుతుంది. 1843లో బ్రిటిష్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఈ భావనను నిర్వచించినప్పుడు అందులో ఉమ్మడి పూర్వీకుల ఊసు లేదు. ఆ కారణాన్ని 1859లో డార్విన్ చూపించాడు. అందుకే నా ఓటు సమజాతానికే.

పైపై పోలిక మనల్ని ఇట్టే బోల్తా కొట్టిస్తుంది. బంగాళదుంప, చిలగడదుంప రెండింటినీ దుంపలే అంటాం. మొదటిది కాండం, అందుకే దాని కళ్ల దగ్గర మొలకలొస్తాయి. రెండోది వేరు. పని ఒకటే అయినా పుట్టుక వేరు కాబట్టి ఇవి క్రియాసామ్యాలు. భాషల్లోనూ ఇదే తంతు. తెలుగు 'చేయి', కన్నడ, తమిళాల 'కై' మొదటి అక్షరం వేరైనా ఒకే తల్లి బిడ్డలు. ఇంగ్లీషు 'బ్యాడ్', పారశీక 'బద్' ధ్వనీ అర్థమూ కలిసినా చుట్టాలు కావు.

ఇంకో మాట. జన్యువుల గురించి రాసేటప్పుడు '80 శాతం సమజాతం' లాంటి ప్రయోగం వద్దు. పుట్టుక ఒకటైనా అవుతుంది, కాకపోనైనా పోతుంది. శాతాల్లో కొలిచేది పోలికను కాబట్టి అక్కడ '80 శాతం సామ్యం' అని రాయండి.