చదివితే నవ్వు, ఆడితే చప్పన!

ప్రశ్న: 10 నిమిషాల కొత్త హాస్య నాటిక వేస్తున్నాం. చదివినప్పుడు పడీపడీ నవ్వాం. రిహార్సల్స్‌లో మాత్రం తేలిపోతోంది. రచన మార్చాలా?

జవాబు: రచన జోలికి అప్పుడే పోకండి. ముందు గడియారం చూడండి. 10 నిమిషాల నాటిక 13 నిమిషాలు నడుస్తోందంటే డైలాగుల మధ్య ఖాళీలు పెరిగాయన్నమాట. పొట్టి నాటిక ఆకర్షణంతా ఆ బిగువులోనే ఉంది: మొదటి నిమిషంలోనే చిక్కు పడాలి, ఆపై ముదురుతూ పోవాలి. నవ్వించే మాట వాక్యం చివరే పడాలి. దాని వెనక అలవాటుగా ‘కదా’ తగిలించినా పేలదు. ఆ క్షణంలో పక్క పాత్రధారి కదిలితే చూపులు అటు పోతాయి. ప్రదర్శనలో నవ్వులు తగ్గుముఖం పట్టగానే తర్వాతి మాట అందుకోండి, పూర్తిగా ఆగేదాకా కాదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, నవ్వించాలని నటించడం. పాత్రకు తన అవస్థ నిజంగా అవస్థే!