చిన్నాకి, రోలు కొనే ముందు

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

మధురవాడ ఫ్లాట్‌లోకి రోలు కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మిక్సీ ఉండగా వీడికెందుకీ తాపత్రయం అని ఆవిడ విసుక్కుంది గానీ, పనసపొట్టు కూరలోకి ఆవ నువ్వే నూరుకుంటానన్నావని విని నాకు కడుపు నిండిపోయింది. ఆ వెంటనే బెంగ పట్టుకుంది, ఫోన్లో బొమ్మ చూసి తెప్పించేస్తావేమోనని. రాయిని బొమ్మ చూసి కొనకూడదు నాయనా, చెయ్యి పెట్టి కొనాలి.

గ్రానైటుదే తీసుకో. జానెడు వెడల్పు, పిడికిలి మునిగేంత లోతు మీ ఇద్దరికీ చాలు. రోలూ బండా ఒకే రాయివి కావాలి, లేకపోతే మెత్తనిది అరిగి పచ్చట్లో కలుస్తుంది. బయట ఎంత నునుపున్నా సరే, లోపల గరుకుండాలి. నున్నటి రోట్లో మిరపకాయ జారుతుందే గానీ నలగదు. తడిగుడ్డతో తుడిచి చూడు. నలుపు అంటుకుంటే అది పూసిన రంగు, అక్కడే వదిలెయ్.

తెల్లగా ఉందని పాలరాతిది మాత్రం ముట్టుకోకు. మీ తాతయ్య ఓసారి ఉత్తరాది యాత్రకి వెళ్ళి, పాలరాతి కల్వం తువ్వాల్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నానమ్మ ముచ్చటపడి పాత రోలుని పెరట్లోకి దొర్లించేసింది. యాలకులు, మిరియాలు దంచినన్నాళ్ళూ బాగానే ఉంది. చింతకాయల కాలం వచ్చింది. ఉప్పూ పసుపూ వేసి తొక్కు నూరి, ఆ రాత్రి అందులోనే ఉంచేసింది. పొద్దున చూస్తే మెరుపంతా పోయి, అడుగున సన్నటి గుంటలు పడి, పసుపు మరక ఎంత తోమినా వదల్లేదు. అన్నంలో కలుపుకుంటే పంటికింద కరకర. చింతకాయల్లో ఇసకుందని తాతయ్య వాదించారు, కల్వాన్ని ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు. నానమ్మ ఎదురు చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే పాత రోలు లోపలికి తెచ్చుకుంది. కల్వం మాత్రం యాలకులకని చివరిదాకా గూట్లోనే ఉంచుకుంది, ఆయన ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు కదా.

పాలరాయిది సున్నపు జాతి, పులుపు దాన్ని తినేస్తుంది. బొర్రా గుహలు చూశావుగా, వాననీటిలో కలిసిన కాస్త ఆమ్లమే ఏళ్ళ తరబడి ఆ సున్నపురాయిని కరిగించి గుహలు చేసింది. మన వంటలో చింతపండు లేనిదేది? అందుకే కొట్టుకి వెళ్ళేటప్పుడు నిమ్మచెక్క పట్టుకెళ్ళి, రోలు అడుగున ఓ చుక్క పిండు. బుడగలొస్తే తిరిగి వచ్చెయ్. తాళంచెవితో గీరినా గాడి పడకూడదు. రాచిప్ప రాయితో చేసిన రోళ్ళూ అమ్ముతారు. రాచిప్పలో పులుసు బాగుంటుంది గానీ ఆ మెత్తటి రాయి దంచడానికి పనికిరాదు.

ఇంటికి తెచ్చాక నానబెట్టిన బియ్యం గుప్పెడు వేసి నూరి పారబొయ్యి. పిండి తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి. చివర్న రాళ్ళుప్పూ వెల్లుల్లీ నూరి అదీ పారెయ్. సబ్బు పెట్టకు. ఆత్రపడి మొదటిరోజే పచ్చడి చేసుకున్నావో, రాతిపొడి తింటావు. నీ ఆత్రం నాకు తెలుసు కాబట్టే ఇంతగా చెప్తున్నా.

అన్నిటికంటే నా భయం నీ కాళ్ళ గురించి. అయిదేళ్ళప్పుడు నానమ్మ రోకలి ఎత్తబోయి వేలిమీద వేసుకున్నావు. ఆ బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరే. నిన్ను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది నేనే. ఆ ఏడుపు తలచుకుంటే ఇవాళ్టికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. రోలు ఒక్కడివే మొయ్యకు, వాచ్‌మన్‌ని సాయం పిలు. వంటగట్టు మీద అసలు పెట్టొద్దు. నేలమీద గోనెసంచి మడిచి వేసి, దానిమీద పెట్టుకుని కూర్చుని నూరుకో. కింద ఇంటివాళ్ళకి చప్పుడూ తగ్గుతుంది.

ఆవ నూరేటప్పుడు చన్నీళ్ళే చిలకరించు. గింజ నలిగి తడి తగిలాకే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. కూర దించి, చల్లారాక కలుపు.

ఆదివారం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళే ముందు ఫోన్ చెయ్యి. మోకాళ్ళు సహకరిస్తే నేనూ వస్తా. రాలేకపోతే కొట్టు దగ్గర్నుంచి వీడియో కాల్ చేసి, నిమ్మచుక్క వేసి చూపించు. అప్పటిదాకా డబ్బులివ్వకు.

మీ అత్త