బర్నర్ ఆగిపోయింది, రిపేరు ఖర్చు ఎవరిది?

ప్రశ్న: బోస్టన్ దగ్గర ఫ్రేమింగ్‌హామ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబరిచే ఆయిల్ బాయిలర్ ఉంది. ఆయిల్ మేమే కొనుక్కోవాలని లీజులో రాశారు. వారం నుంచి దాని బర్నర్ (ఆయిల్‌ను మండించే భాగం) మొదలైన అర నిమిషానికే ఆగిపోతోంది. దాన్ని మళ్లీ మొదలుపెట్టే ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ అంతే. "ఆయిల్ అయిపోయేదాకా ఊరుకున్నారు, రిపేరు మీరే చేయించుకోండి" అంటున్నాడు ఓనర్. గేజీలో పావు ట్యాంకు చూపిస్తోంది. అద్దె ఆపేయొచ్చా?

జవాబు: ముందు ఆ బటన్ జోలికి వెళ్లకండి. మంట సెన్సర్‌కు కనపడకపోతే బర్నర్ అలా లాక్ అవుతుంది. నొక్కిన ప్రతిసారీ కాలని ఆయిల్ లోపల చేరుతుంది. అదంతా ఒక్కసారిగా అంటుకుంటే ఇల్లంతా మసే. అప్పుడు ఓనర్ వేలు మీవైపే చూపిస్తాడు.

మసాచుసెట్స్‌లో ఆయిల్ ఖర్చు అద్దెదారు మీద వేయాలంటే అది రాతలో ఉండాలి. మీకు ఉంది కాబట్టి ఆయిల్ ఖర్చు మీరే పెట్టుకోవాలి. అయితే బాయిలర్‌ను పనిచేసేలా ఉంచాల్సింది మాత్రం ఓనరే. శానిటరీ కోడ్ (ఇళ్లకు రాష్ట్రం పెట్టిన ఆరోగ్య నిబంధనలు) ప్రకారం సెప్టెంబరు 15 నుంచి మే 31 దాకా ఇంట్లో పగలు 68, రాత్రి 11 దాటాక 64 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి.

కాబట్టి గొడవంతా కారణం దగ్గరే. ట్యాంకు నిజంగా ఎండిపోయి పైపులోకి గాలి చేరితే ఆ ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. ఆయిల్ చిమ్మే నాజిల్ మూసుకుపోయినా, నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్లు అరిగినా, సెన్సర్‌కు మసి పట్టినా, ఫిల్టర్ ఏళ్ల తరబడి మార్చకపోయినా అది సర్వీసింగ్ లోపం, ఓనర్‌దే. రాష్ట్ర సర్టిఫికెట్ ఉన్న బర్నర్ టెక్నీషియన్‌ను పంపమని ఓనర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. వచ్చిన టెక్నీషియన్ చేత కారణం కాగితం మీద రాయించుకోండి. బాయిలర్ దగ్గర వేలాడే సర్వీస్ ట్యాగ్ ఫొటో తీయండి, చివరి సర్వీసు తేదీ సాధారణంగా దాని మీదే ఉంటుంది. గేజీ ఫొటో, ఆయిల్ రసీదులు కూడా దాచండి. గేజీలు ఒక్కోసారి ఇరుక్కుపోయి తప్పు చూపిస్తాయి, అందుకే రసీదులు ముఖ్యం.

ఓనర్ కదలకపోతే ఊరి బోర్డ్ ఆఫ్ హెల్త్‌కు (స్థానిక ఆరోగ్య విభాగానికి) ఫోన్ చేసి తనిఖీ అడగండి. వీసాకేమైనా అవుతుందేమోనని మనవాళ్లు చాలామంది ఇక్కడే వెనకాడతారు. అది ఇంటి తనిఖీ, వీసాకూ దానికీ సంబంధం లేదు. లోపం ఉందని వాళ్లు ధ్రువీకరించి, ఓనర్‌కు రాతపూర్వక నోటీసు అందాక 5 రోజుల్లో పని మొదలుపెట్టకపోయినా, 14 రోజుల్లో పూర్తి చేయకపోయినా మీరే రిపేరు చేయించి ఆ డబ్బు అద్దెలో కోసుకోవచ్చు. ఏడాదికి నాలుగు నెలల అద్దె దాకా పరిమితి.

అద్దె పూర్తిగా ఆపడానికి మాత్రం తొందరపడొద్దు. అంతకుముందు బాకీ ఉండకూడదు, ఓనర్‌కు లోపం సంగతి ముందే తెలిసి ఉండాలి, ఆ లోపం మీ వల్ల వచ్చింది కాకూడదు. మూడోది తేల్చేది టెక్నీషియన్ కాగితమే. అది చేతికొచ్చాక స్థానిక లాయరును కలిసి, ఆపిన డబ్బు విడిగా బ్యాంకులో ఉంచండి. ఫిర్యాదు చేసిన 6 నెలల్లోపు ఖాళీ చేయమంటే కోర్టు దాన్ని కక్షసాధింపుగానే భావించి మొదలుపెడుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఓనరే.