అతుకుల బొంత గిటార్

ప్రశ్న: నా దగ్గర ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ తరహా బాడీ ఒకటి ఉంది. నెక్ వేరే గిటార్‌ది, 22 ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు). తీగలను బాడీ మీద పట్టి ఉంచే బ్రిడ్జ్ ఇంకెక్కడిదో. తీగల ధ్వనిని పట్టే పికప్‌లలో వెనక హంబకర్ (రెండు కాయిళ్లది), ముందు రెండు సింగిల్ కాయిల్‌వి పెడదామని ఉంది. నెక్, బాడీలో దాని కోసం తొలిచిన పాకెట్‌లో కాస్త వదులుగా కూర్చుంటోంది. బ్రిడ్జ్ స్క్రూలు బాడీ మీది ఆరు రంధ్రాలకు సరిపోవడం లేదు. బాడీ 21 ఫ్రెట్ల నెక్ కోసం చేసిందట, ఫ్రెట్ ఒకటి పెరిగింది కాబట్టి బ్రిడ్జ్ వెనక్కి జరపాలా? వాల్యూమ్, టోన్ తిప్పే పాట్లు 250 కిలోఓమ్‌లవి వేయాలా, 500వి వేయాలా? మా ఫ్రెండ్ దీన్ని చూసి అతుకుల బొంత అని నవ్వుతున్నాడు. మొదలుపెట్టనా, మానుకోనా?

జవాబు: మొదలుపెట్టండి. డ్రిల్ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి.

ముందు మీ ఫ్రెండ్ సంగతి. పేరున్న గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ 1970లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఆరు పాత స్ట్రాట్లు (స్ట్రాటోకాస్టర్లు) కొన్నాడు. మూడు స్నేహితులకు ఇచ్చేశాడు. మిగిలిన మూడింట్లో మంచి భాగాలు ఏరి కూర్చిందే ‘బ్లాకీ’. 2004లో వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్‌కైతే, ముక్కలు అతికి చేసిన భూతం కథలోని పేరే, ఫ్రాంకెన్‌స్టైన్: స్ట్రాట్ తరహా బాడీలో గిబ్సన్ కంపెనీ హంబకర్. బొంతదేముంది లెండి, చలి ఆగుతోందా లేదా అన్నదే లెక్క.

ఇక 22వ ఫ్రెట్. దానికీ బ్రిడ్జ్‌కీ సంబంధం లేదు. ఆ ఒక్క ఫ్రెట్ కోసం ఫింగర్‌బోర్డ్‌ను కాస్త ముందుకు పొడిగిస్తారు, అది పాకెట్ దాటి పిక్‌గార్డ్ మీదికి వస్తుంది. పిక్‌గార్డ్ తీయాలన్నప్పుడల్లా నెక్ వదులు చేయాల్సి వస్తుంది, అంతకుమించి నష్టం లేదు. బ్రిడ్జ్ ఎక్కడ ఉండాలో చెప్పేది స్కేల్, అంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. నట్ అంచు నుంచి 12వ ఫ్రెట్ మధ్య వరకు కొలవండి. 324 మిల్లీమీటర్లు వస్తే అది ఫెండర్ కొలత, రెట్టింపు చేస్తే 648, అంటే ఇరవై అయిదున్నర అంగుళాలు. 314 దగ్గర వచ్చిందా, అది పొట్టి స్కేల్ నెక్. ఈ బాడీలో పాత బ్రిడ్జ్ స్థానానికి అది శ్రుతి పలకదు. దాన్ని పక్కన పెట్టి వేరే నెక్ చూసుకోవడం మేలు.

బ్రిడ్జ్ స్క్రూలు ఎందుకు కుదరడం లేదో కొలబద్ద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. బాడీ మీద మొదటి రంధ్రం మధ్య నుంచి ఆరో రంధ్రం మధ్య వరకు పాత ఫెండర్ పద్ధతిలో 56.4 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా ఇతర తయారీల్లో రంధ్రానికీ రంధ్రానికీ 10.5 చొప్పున మొత్తం 52.5. నాలుగు మిల్లీమీటర్లే కదా అని స్క్రూలను బలవంతంగా తిప్పితే చెక్క చీలుతుంది. బాడీకి సరిపడే బ్రిడ్జ్ దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే పాత రంధ్రాలను గట్టి చెక్క పుల్లలతో, చెక్క జిగురుతో మూసి, ఒక రాత్రంతా ఆరనిచ్చి కొత్తగా వేయండి. అగ్గిపుల్లలు మెత్తన, పిక్‌గార్డ్ స్క్రూలకైతే చాలుగానీ తీగల లాగుడు మోసే చోట వద్దు.

కొత్తగా వేసేటప్పుడు రెండు దారాలు తీసుకోండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న పాఠం. నా మొదటి గిటార్‌కి కంటిచూపును నమ్మి బ్రిడ్జ్ బిగించాను. తీగలు ఎక్కించాక చూస్తే సన్న ‘ఈ’ తీగ (E స్వరానికి శ్రుతి చేసేది, అంచున ఉండేది) ఫింగర్‌బోర్డ్ అంచుకు ఆనుకుని ఉంది. పదో ఫ్రెట్ దగ్గర వేలు కాస్త లాగితే చాలు, తీగ పక్కకు జారి కిందపడేది. బ్రిడ్జ్ మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయిందన్నమాట. నెక్ స్క్రూలు అర చుట్టు వదులు చేసి, నెక్‌ను చేత్తో పక్కకు నెట్టి మళ్లీ బిగిస్తే కొంత సర్దుకుంది. మిగతాది సర్దుకోలేదు. ఆ బ్రిడ్జ్ కింద మూసేసిన ఆరు రంధ్రాలు ఇప్పటికీ పొడల్లా కనబడతాయి.

కాబట్టి నెక్ బిగించి, నట్‌లో సన్న, లావు ‘ఈ’ తీగల గాళ్లలోంచి రెండు దారాలు లాగి బ్రిడ్జ్ మీది చివరి సాడిళ్ల (ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మెలు) మీదుగా టేపుతో అతికించండి. చివరి ఫ్రెట్ దగ్గర రెండు వైపులా దారానికీ అంచుకూ మధ్య ఖాళీ సమానం అయ్యేదాకా బ్రిడ్జ్‌ను జరపండి. సన్న ‘ఈ’ సాడిల్‌ను దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, సరిగ్గా 648 దగ్గర నిలపండి. మిగతా తీగలకు సాడిళ్లు వెనక్కే జరగాలి, లావు ‘ఈ’ తీగకు అన్నిటికంటే ఎక్కువ. ఆ జరిగే చోటు ఉందో లేదో చూసుకున్నాకే పెన్సిల్ గుర్తు, ఆ తర్వాతే డ్రిల్. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవడం మరిచిపోవద్దు.

నెక్ వదులు గురించి బెంగ వద్దు. పక్కల సందు ఉంటే పల్చటి చెక్క రేకు అంటించండి. అసలు చూడాల్సింది పాకెట్ అడుగు. అక్కడ రంగు గడ్డకట్టి ఉంటే గీకేయండి. ఇంకోటి, నెక్ స్క్రూలు బాడీలోంచి స్వేచ్ఛగా దూరిపోవాలి, పట్టు నెక్‌లోనే ఉండాలి. బాడీ రంధ్రంలో కూడా మర పడితే ఎంత బిగించినా రెంటి మధ్య సన్న గీత అంత ఖాళీ మిగిలిపోతుంది. మనం బిగిందనుకుంటాం. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి చూడండి, తేడా చెవికే తెలుస్తుంది.

పాట్లు: హంబకర్‌కు 500 కిలోఓమ్‌లు, సింగిల్ కాయిల్‌కు 250 కిలోఓమ్‌లు అన్నది మామూలు పద్ధతి. రెండూ కలిసినప్పుడు నేను 500 వేస్తాను. సింగిల్ కాయిల్ మరీ పదునుగా అనిపిస్తే టోన్ కొద్దిగా తగ్గిస్తాను. అంత ఓపిక లేనివాళ్లు సింగిల్ కాయిల్ సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 470 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడతారు, అప్పుడు పికప్‌కు కనబడేది దాదాపు 242 కిలోఓమ్‌లు. స్విచ్ మీద అది హంబకర్‌కు తగలకుండా చూసుకోవాలి. మొదటి గిటార్‌కి ఇంత తలనొప్పి అక్కర్లేదనే నా అభిప్రాయం.

పికప్‌లు తలోచోటివి కాబట్టి రెండు కలిపి మోగించినప్పుడు ధ్వని సన్నబడి, ముక్కుతో పాడినట్టు ఉంటే కంగారుపడకండి. పికప్ పాడవలేదు, ఫేజ్ ఎదురైంది, అంటే రెండు సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఒక సింగిల్ కాయిల్ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి సోల్డర్ చేస్తే చాలు. దానికి లోహపు మూత ఉంటే మాత్రం మూత గ్రౌండ్‌ను ముందు విడదీయాలి, లేకపోతే మూత ముట్టుకున్నప్పుడల్లా గుయ్‌మంటుంది.

ప్రశ్న: నేనూ ఇలాగే కలిపి ఒకటి చేశాను. సాడిళ్లు పూర్తిగా దించినా తీగలు పైనే ఉన్నాయి. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) తిప్పితే దిగుతాయా?

జవాబు: రాడ్‌ను వదిలేయండి, అది నెక్ వంపు సరిచేయడానికి. మీకు కావాల్సింది కోణం. నెక్ విప్పి, పాకెట్‌లో పికప్‌ల వైపు అంచున అర మిల్లీమీటరు మందం చెక్క రేకు అడ్డంగా పెట్టి బిగించండి. నెక్ కొద్దిగా వెనక్కి వాలుతుంది, తీగలు కిందికి దిగుతాయి. అప్పుడు సాడిళ్లను మళ్లీ కొంచెం పైకి ఎత్తుకోవాల్సి రావచ్చు. ఎత్తైన గిబ్సన్ తరహా బ్రిడ్జ్‌ను చదును పాకెట్ ఉన్న బాడీకి బిగించి ఉంటే మాత్రం ఈ రేకు చాలదు. ఆ బ్రిడ్జ్‌ను బాడీలోకి కాస్త దించాలి, లేదా పొట్టి బ్రిడ్జ్ వేయాలి.