కిటికీలో ఆ గ్లాసు

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా వాచ్‌మన్‌కి అరవై దాటి ఉంటాయి. మొన్న మా ఏడేళ్ల బాబు బాల్కనీలోంచి "వాచ్‌మన్, బాల్ తెచ్చివ్వరా" అని అరిచాడు. ఆయన మూడంతస్తులు ఎక్కి తెచ్చిచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. కోప్పడితే "నానమ్మా అలాగే పిలుస్తుందిగా" అన్నాడు. పనిచేసే ఆవిడకి మా అత్తగారు టీ ఇచ్చేది కూడా వేరే స్టీలు గ్లాసులోనే, దాన్ని వంటింటి కిటికీలో బోర్లిస్తారు. అత్తయ్య చెడ్డమనిషి కాదు, పండగకి ఆవిడకి చీర పెడతారు, జ్వరమొస్తే మందులు కొనిస్తారు. ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లాసు సంగతే చూడాలి, బాబు మాట అక్కడినుంచే వచ్చింది. టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీ అత్తగారి తరం కళ్లారా చూసిందే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని శిక్షించే చట్టమూ వచ్చింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ నెలనెలా 30న పౌరహక్కుల దినం పెట్టి అధికారులు అదే మాట మళ్లీ చెప్పాల్సి వస్తోంది. మీ ఇంట్లో ఎవరూ కులం పేరు ఎత్తకపోవచ్చు, శుభ్రత కోసమే అనొచ్చు, కానీ మీరు తినే కంచాలూ తాగే గ్లాసులూ తోమేది ఆ చేతులేగా! ఆవిడ తోమినవి మనకి పనికొచ్చి, ఆవిడ తాగినది పనికిరాకపోవడం ఏం శుభ్రత? చీర పెట్టడం దయ, పక్కన కూర్చోబెట్టుకుని అదే గ్లాసులో టీ ఇవ్వడం మర్యాద. మొదటిది ఉంది కదాని రెండోది ఎగ్గొట్టకూడదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. రేపు పొద్దున టీ మీరే పెట్టి, ఒకే రకం గ్లాసుల్లో ముగ్గురికీ పోయండి, మీరు తాగుతూ ఆవిడనీ కూర్చోమనండి. మొదట్లో ఆవిడే మొహమాటపడి గుమ్మం దగ్గర నిలబడతారు, అయినా మానకండి. అత్తగారు అడిగితే "నాకు మనసొప్పడం లేదత్తయ్యా" అనండి చాలు.

ఇక పిలుపు. నువ్వు అనడమే తప్పని నేననను, తెలంగాణలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లనీ నువ్వనే అంటారు, అమ్మనైతే మనమందరం అలాగే పిలుస్తాం. అయితే ఆ పెద్దాయన మీ అత్తగారిని తిరిగి నువ్వు అనగలరా? అనలేరు కదా, అక్కడుంది తేడా. పైగా ఇన్నేళ్లుగా గేటు తీస్తున్న మనిషికి ఒక పేరుంటుందన్న సంగతే చాలా ఫ్లాట్లలో ఎవరికీ పట్టదు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

సాయంత్రం బాబుని కిందికి తీసుకెళ్లి ఆయన పేరు, ఊరు అడగమనండి, "తాతా" అని పిలిపించండి. వాడు సారీ చెప్పేటప్పుడు మీరూ పక్కనే ఉండి చెప్పండి. ఆయన "చిన్నపిల్లాడు, పర్లేదమ్మా" అంటారు, అనకేం చేస్తారు, ఉద్యోగం కదా. అంతటితో అయిపోయిందనుకోకండి. ఈసారి బంతి కింద పడితే బాబునే మెట్లు దిగి తెచ్చుకోమనండి.